ఒడ్డున మొలిచిన మొక్క – మట్టిలో మిగిలే సారం

చెరువుల గురించి మన ఇళ్లలో సాధారణంగా రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. నీటి మీద, ఒడ్డున పచ్చదనం పరచుకుంటే చెరువు కళకళలాడుతోందని కొందరు సంతోషిస్తారు. ఆ పచ్చదనమంతా చెత్త అనీ, ఒడ్డును నున్నగా గీకి శుభ్రం చేస్తే తప్ప చెరువు బాగుపడదనీ మరికొందరు వాదిస్తారు. చూడడానికి పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు మాటల్లోనూ ఒకే లోపం ఉంది. ఇరువురూ పచ్చదనాన్ని చూస్తున్నారు గానీ, అది ఏ మొక్క అని అడగడం లేదు.

మొక్కలన్నిటి రంగూ ఒకటే కావచ్చు. మట్టితో వాటి వ్యవహారం మాత్రం ఒకటి కాదు. ఒక మొక్క బురదలోని సారాన్ని పైకి తీసి, దుంపలో దాచుకుంటుంది. మరొకటి నీటిలోని సారాన్ని పీల్చుకొని, చచ్చిన కొద్ది వారాలకే దానిని తిరిగి నీటిలో కలిపేస్తుంది. ఇంకొకటి గాలిలోని నత్రజనిని తెచ్చి నేలకు జమ చేస్తుంది. కనుక చెరువు ఒడ్డున ఏ జాతి మొక్క స్థిరపడిందో తెలిస్తే, ఆ మట్టిలో నత్రజని, భాస్వరం ఏ దారిన నడుస్తున్నాయో చాలావరకు చెప్పవచ్చు. ఈ నెల మనం పరిశీలించబోయే విషయం ఇదే. ఉదాహరణగా మన తెలుగు నేలమీదే ఉన్న కొల్లేరును తీసుకుందాం.

రెండు డెల్టాల నడుమ

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లపు ప్రాంతంలో ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులు, అరవైకి పైగా చిన్నా పెద్దా కాలువలు, మురుగు డ్రెయిన్లు దానిలోకి వచ్చి చేరుతాయి. లోపలికి వచ్చే దారులు ఇన్ని ఉన్నా, నీరు సముద్రానికి పోయే ప్రధాన మార్గం మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. వర్షాకాలంలో సరస్సు విశాలంగా పరచుకుంటుంది. వేసవిలో కుంచించుకుపోయి, అంచుల్లోని బురద నేల బయటపడుతుంది.

1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు వరకు, అనగా సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు వరకు గల 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో 1971లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక కింద 2002లో కొల్లేరుకు చిత్తడి నేలగా గుర్తింపు లభించింది. ఆటపాక వద్ద గూడబాతులను చూడడానికి వెళ్లిన కుటుంబాలు మన పాఠకుల్లోనూ ఉండే ఉంటాయి. అక్కడ పక్షుల మీద నిలిచిన చూపును ఒక్క క్షణం కిందికి, పక్షుల కాళ్ల దగ్గరి బురద మీదికి మళ్లించవలసిందిగా మా మనవి. సరస్సు బాగోగులు నిర్ణయమయ్యేది అక్కడే.

నీట మునిగిన మట్టి

మెట్ట నేలకూ, నీట మునిగిన నేలకూ ఉన్న భేదం ప్రాణవాయువులో ఉంది. మెట్ట మట్టి రేణువుల మధ్య గాలి ఆడుతుంది. నీరు నిండితే ఆ సందులు మూసుకుపోతాయి. గాలిలో కంటే నీటిలో ప్రాణవాయువు ప్రయాణం సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా సాగుతుంది. మట్టిలోని సూక్ష్మజీవులు ఉన్న కాస్త ప్రాణవాయువును త్వరలోనే ఖర్చు చేసేస్తాయి. అటుపై అవి బ్రతకడానికి ఇతర పదార్థాలను ఒక వరుసలో ఆశ్రయిస్తాయి. మొదట నైట్రేట్, తరువాత మాంగనీసు, ఇనుము, ఆ తరువాత గంధకపు లవణాలు, చివరకు బొగ్గుపులుసు వాయువు. వరి మడిలో కాలు దిగబడినప్పుడు పైకి వచ్చే కుళ్లిన గుడ్డు వాసన గంధకం వంతు వచ్చిందనడానికి గుర్తు. బుడగలుగా పైకి వచ్చే మీథేన్ ఆ వరుసలో చివరి మెట్టు.

ఈ వరుసలో రెండు మెట్లు మనకు ముఖ్యం. మొదటిది నైట్రేట్. ప్రాణవాయువు లేని బురదలో సూక్ష్మజీవులు నైట్రేట్‌ను విడగొట్టి, అందులోని నత్రజనిని ప్రధానంగా హానిలేని వాయువుగా గాలిలోకి వదిలేస్తాయి. పొలాల నుంచి కొట్టుకొచ్చిన ఎరువులోని నత్రజని నీటిని వదిలిపోవడానికి ఇది మంచి దారి. రెండవది ఇనుము. ప్రాణవాయువు ఉన్నంతకాలం మట్టిలోని తుప్పురంగు ఇనుము భాస్వరాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది. ప్రాణవాయువు లేనప్పుడు ఆ ఇనుము రూపం మారి నీటిలో కరిగిపోతుంది. దాని పట్టులో ఉన్న భాస్వరం కూడా విడుదలై పైనున్న నీటిలో కలుస్తుంది. అంటే ఏళ్ల తరబడి బురద దాచిపెట్టినది కొద్ది రోజుల్లో బయటపడవచ్చు.

కాబట్టి చిత్తడి నేలలో బురద పూర్తిగా ఊపిరాడని స్థితికి చేరడం మంచిది కాదు. పూర్తిగా ఎండిపోవడమూ మంచిది కాదు. ఊపిరి ఉన్న చోటు, లేని చోటు పక్కపక్కనే ఉండాలి. ఆ అమరికను కల్పించేది మొక్కల వేళ్లు.

వేరూనిన మొక్కలు: కిక్కిస, జమ్ము, తుంగ

కొల్లేటి అంచున మనిషి ఎత్తుకు మించి పెరిగే కిక్కిస, కత్తుల వంటి ఆకులతో నిలిచే జమ్ము, గట్ల వెంట కనిపించే తుంగ బురదలో వేరు పాతుకొని, తలను గాలిలో ఉంచే జాతులు. వీటి కాడను అడ్డంగా కోసి చూస్తే లోపల గాలి గదులు కనిపిస్తాయి. ఆకుల నుంచి ఆ గదుల గుండా గాలి కిందికి దిగి వేళ్లను చేరుతుంది. వేరు తనకు కావలసినంత వాడుకోగా మిగిలిన ప్రాణవాయువు చుట్టూ ఉన్న బురదలోకి కొంచెం కొంచెంగా కారుతుంది. అటువంటి వేరును పీకి చూస్తే నల్లని బురదలోంచి వచ్చినా దాని చుట్టూ తుప్పురంగు పూత కనిపిస్తుంది. వరి వేళ్లమీద ఈ పూతను రైతులు ఎన్నోసార్లు చూసి ఉంటారు.

ఆ సన్నని పూత రెండు పనులు చేస్తుంది. అక్కడి ఇనుము మళ్లీ గట్టి రూపానికి వచ్చి భాస్వరాన్ని పట్టుకుంటుంది. అలాగే వేరు చుట్టూ ఉన్న ప్రాణవాయువు వల్ల అమ్మోనియా రూపంలోని నత్రజని నైట్రేట్‌గా మారుతుంది. ఆ నైట్రేట్ రెండు మిల్లీమీటర్ల అవతల ఉన్న ఊపిరిలేని బురదలోకి జారగానే అక్కడి సూక్ష్మజీవులు దానిని వాయువుగా మార్చి పంపేస్తాయి. ఒకే పిడికెడు మట్టిలో రెండు కార్ఖానాలు పక్కపక్కనే పనిచేస్తున్నట్టు. మొక్క పీకేస్తే మొదటి కార్ఖానా మూతపడుతుంది. మొదటిది మూతపడితే రెండవదానికి సరుకు అందదు.

వీటికి మరో గుణం ఉంది. కిక్కిస, జమ్ము నేల లోపల దుంపలను పెంచుకుంటాయి. ఆకులు పండి ఎండే ముందు వాటిలోని నత్రజని, భాస్వరాలలో గణనీయమైన భాగాన్ని దుంపల్లోకి దించుకుంటాయి. ఎండిపోయిన కాడ గట్టిది, పీచుతో కూడినది. అది నెమ్మదిగా కుళ్లుతుంది. అందువల్ల ఈ మొక్కలున్న చోట సారం తొందరగా చేతులు మారదు. మట్టిలో సేంద్రియ పదార్థం పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఇల్లు నడిపే పెద్దలు ధాన్యం గాదెలో పోసి, ఏడాది పొడవునా కొలిచి తీసినట్లు వీటి వ్యవహారం ఉంటుంది.

తేలే మొక్క: గుర్రపుడెక్క

ఇప్పుడు గుర్రపుడెక్కను చూద్దాం. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం. ఊదారంగు పువ్వు అందానికి మురిసి మనుషులే దానిని దేశదేశాలకు తీసుకెళ్లారు. పందొమ్మిదవ శతాబ్దం చివరి నాటికి అది బెంగాల్ నీళ్లలో ప్రవేశించింది. అక్కడ పడవలకు, వరి మళ్లకు అది ఎంత బెడదగా మారిందంటే, దానిని తొలగించడానికి 1936లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసి వచ్చింది.

ఈ మొక్క బురదలో వేరూనదు. నీటిపై తేలుతూ, వేళ్లను నీటిలోకి వేలాడదీసి, కరిగి ఉన్న సారాన్ని నేరుగా పీలుస్తుంది. ఎరువు కలిసిన నీరు దొరికితే సుమారు రెండు వారాల్లో రెట్టింపవుతుంది. ఇంత త్వరగా పీల్చేది కదా, ఇది నీటిని శుద్ధి చేస్తున్నట్టే కదా అని ఎవరైనా అడగవచ్చు. ప్రశ్న సమంజసమే. మురుగునీటిని శుద్ధిచేసే కుంటల్లో దీనిని కావాలనే పెంచిన చోట్లు ఉన్నాయి. అయితే అక్కడ పెరిగిన దానిని పెరిగినట్టే తీసి బయటికి తరలిస్తారు. సరస్సులో దానిని తీసేవారు లేరు. అది అక్కడే పెరిగి, అక్కడే చచ్చి, మెత్తని ఆకు కాబట్టి త్వరగా కుళ్లి, పీల్చిన సారంలో అధిక భాగాన్ని అక్కడే వదిలేస్తుంది.

నష్టం అంతటితో ఆగదు. దట్టమైన చాపలా అల్లుకున్నప్పుడు అది నీటిలోకి వెలుతురును రానివ్వదు. గాలి నుంచి ప్రాణవాయువు కలవనివ్వదు. అడుగున కుళ్లుతున్న పదార్థం ఉన్న కొద్ది ప్రాణవాయువునూ హరిస్తుంది. అప్పుడు ఇంతకుముందు చెప్పిన ఇనుము కథ మొదలవుతుంది. బురద పట్టి ఉంచిన భాస్వరం పైకి వస్తుంది. ఆ భాస్వరాన్ని తిని గుర్రపుడెక్క మరింత పెరుగుతుంది. తన మేతను తానే బురదలోంచి తోడుకునే ఏర్పాటు అది. పైగా కాలువల్లో, ఏరుల్లో అది పేరుకుంటే నీటి నడక మందగిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ వీధుల్లో నీరు నిలిచిన రోజులు గుర్తున్నవారికి, ఏరు నడక మందగించడమంటే ఏమిటో వేరుగా చెప్పనవసరం లేదు.

వేరూనిన కిక్కిస స్థానంలో తేలే గుర్రపుడెక్క వచ్చిందంటే, పైకి చూసేవారికి పచ్చదనం తగ్గదు, ఇంకా పెరిగినట్టే కనిపిస్తుంది. మట్టిలో మాత్రం పొదుపు పోయి దుబారా వచ్చింది.

మిగిలిన జాతులు

నీటిలో పూర్తిగా మునిగి పెరిగే నాచు జాతులు పగటిపూట నీటికి ప్రాణవాయువునిస్తాయి, బురదను కదలకుండా పట్టి ఉంచుతాయి. అయితే వాటి శరీరం మెత్తనిది కావడం వల్ల చచ్చిన వెంటనే కరిగిపోయి సారాన్ని తిరిగి ఇచ్చేస్తాయి. తామర మధ్యరకపుది. దాని ఆకు నుంచి గాలి కాడల గుండా బురదలోని దుంపదాకా చేరుతుంది. ఆకు మాత్రం కిక్కిస కంటే త్వరగా కుళ్లుతుంది.

నేలకు నత్రజనిని కొత్తగా తెచ్చే మొక్కలు వేరు. గాలిలో 78 శాతం నత్రజనే అయినా దానిని మొక్కలు నేరుగా వాడుకోలేవు. అజొల్లా ఆకు గదుల్లో నివసించే ఒక నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవి, జీలుగ వేరు బుడిపెల్లో నివసించే సూక్ష్మజీవులు ఆ నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. జీలుగను పెంచి దమ్ములో కలియదున్నే రైతు చేస్తున్నది ఆ జమను పొలంలో వేసుకోవడమే. అదే అజొల్లా అప్పటికే ఎరువు నిండిన చెరువులో పరచుకుంటే, ఉన్న భారం మీద మరికొంత భారం మోపినట్లవుతుంది. పొలంలో మేలుచేసిన మొక్క చెరువులోనూ మేలే చేస్తుందని అనుకోరాదు.

వేసవిలో నీరు తగ్గి బయటపడే అంచు నేలను కూడా మరువరాదు. బురద పగుళ్లిచ్చినప్పుడు లోపలికి గాలి ప్రవేశించి, సేంద్రియ పదార్థంలోని నత్రజని నైట్రేట్‌గా మారుతుంది. అక్కడ తుంగ, గడ్డి ఉంటే వాటి వేళ్లు దానిని పీల్చుకొని నిలుపుతాయి. నేల బోడిగా ఉంటే తొలకరి నీటితో ఆ సారం కొట్టుకుపోతుంది, లేదా మునిగిన మట్టిలో వాయువై పోతుంది. ఐదో కాంటూరును మూడో కాంటూరుకు కుదించాలన్న వివాదం ఏళ్ల తరబడి సాగుతోంది. అందులో చిక్కుకున్నది సరిగ్గా ఇటువంటి అంచు నేలే. వానాకాలంలో మునిగి, వేసవిలో తేలే ఆ పట్టీ పటం మీద ఖాళీ స్థలంగా కనిపించవచ్చు. పొలాల నుంచి వచ్చే సారాన్ని సరస్సు నడిమికి చేరకముందే ఆపే గుమ్మం అది.

చచ్చిన మొక్క ఎక్కడికి పోవాలి?

బ్రతికున్నంతకాలం ప్రతి మొక్కా సారాన్ని తన దగ్గర ఉంచుకుంటుంది. అసలు భేదం అది చచ్చిన తరువాత తేలుతుంది. కుళ్లించే సూక్ష్మజీవులకు కర్బనంతో పాటు నత్రజని కూడా కావాలి. ఎండు కాడల్లో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. కర్బనం నత్రజనికి 30 రెట్లకు మించి ఉన్నప్పుడు సూక్ష్మజీవులు చుట్టూ ఉన్న మట్టిలోంచి కూడా నత్రజనిని లాక్కుంటాయి. అందుకే ఎండు కిక్కిస పడిన చోట సారం కొంతకాలం బందీ అవుతుంది. మెత్తని ఆకులు పడిన చోట అది వెంటనే విడుదలవుతుంది.

ఇక మనిషి జోక్యం. గుర్రపుడెక్కను లాగి గట్టుమీదే కుప్పవేసి వెళ్లిపోవడం మన ఊళ్లలో తరచు కనిపించే దృశ్యం. మొదటి గట్టి వానకు ఆ కుప్పలోని సారం తిరిగి చెరువులోకి దిగుతుంది. ఎండిన కిక్కిసకు నిప్పు పెట్టడం మరో అలవాటు. అలా కాల్చితే నత్రజనిలో ఎక్కువ భాగం పొగలో పోతుంది. భాస్వరం, పొటాష్ బూడిదగా మిగిలి నీటిలోకే చేరుతాయి. పొగ మాత్రం పక్క ఊరి పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.

కోతకూ వేళ ఉంది. సారాన్ని బయటికి తీయడమే ఉద్దేశమైతే కిక్కిస, జమ్ము పచ్చిగా ఉన్నప్పుడే కోయాలి. పూర్తిగా ఎండిన తరువాత కోస్తే సారం అప్పటికే దుంపలోకి దిగిపోయి ఉంటుంది. మన చేతికి వచ్చేది పీచు మాత్రమే. అలాగని ప్రతిసారీ నీటి మట్టానికి కింద కోస్తే గాలి దారి మూసుకుపోయి దుంప ఊపిరాడక చస్తుంది. కొంత కోసి కొంత విడిచి, నీటికి పైన కోసే పద్ధతి మొక్కకూ మంచిది, మట్టికీ మంచిది.

ఈ మితమైన కోతకు ఇరాక్ దక్షిణాన ఉన్న చిత్తడి ప్రాంతం మంచి ఉదాహరణ. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల దిగువన నివసించే అక్కడి అరబ్బులు తరతరాలుగా రెల్లు కోసి అతిథి గృహాలు కట్టుకున్నారు, చాపలు అల్లుకున్నారు, లేత రెల్లును బర్రెలకు మేపారు. అంటే సారంలో కొంత ఏటా చిత్తడి నుంచి బయటికి పోయేది, రెల్లు మళ్లీ చిగిర్చేది. 1990లలో ప్రభుత్వం కాలువలు తవ్వి నీటిని మళ్లించడంతో ఆ ప్రాంతంలో అధిక భాగం ఎండిపోయింది. రెల్లు పోయింది, నేల ఉప్పుతేలింది, ప్రజలు వలసపోయారు. 2003లో గట్లు తెంచి నీరు వదిలిన తరువాత కొన్ని చోట్ల రెల్లు తిరిగి లేచింది, ఉప్పు పేరుకున్న చోట్ల మునుపటి స్థితి రాలేదు. 2016లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నీరు తిరిగి వచ్చినంత సులభంగా మట్టి తిరిగి రాదన్న సంగతి అక్కడ రుజువైంది.

ఒక యూరియా బస్తా లెక్క

గుర్రపుడెక్కను యంత్రాలతో తొలగిస్తే చాలు, కొల్లేరు బాగుపడుతుందని తరచు వింటాం. తొలగించవలసిందే. అయితే ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. పచ్చి గుర్రపుడెక్కలో 90 శాతానికి మించి నీరే. ఒక టన్ను తీసి ఎండబెడితే సుమారు 50 నుంచి 70 కిలోల ఎండు పదార్థం మిగులుతుంది. అందులో నత్రజని రెండు శాతం అనుకుంటే కిలో పైచిలుకు. మన రైతు కొనే 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అనగా సుమారు 20 కిలోల నత్రజని ఉంటుంది. ఒక్క బస్తా ఎరువులోని నత్రజని చెరువు పాలైతే, దానిని తిరిగి బయటికి తీయడానికి 15 నుంచి 20 టన్నుల పచ్చి గుర్రపుడెక్కను మోయాలన్నమాట.

వరికి వేసిన యూరియాలో సాధారణంగా సగం కూడా పైరుకు అందదు. మిగిలినది గాలిలోకో, కాలువలోకో పోతుంది. దానికి చేపల చెరువుల నుంచి వదిలే నీరు, పట్టణాల మురుగు తోడవుతాయి. ఒకప్పుడు కిక్కిస, తుంగ నిలిచిన అంచుల్లో గట్లు వేసి బొచ్చె, శీలావతి పెంచే చెరువులు తవ్వినప్పుడు, సారాన్ని ఆపే వేళ్లు పోయి, సారాన్ని పెంచే మేత, ఎరువు వచ్చాయి. నష్టం రెండు వైపుల నుంచీ జరిగింది. 2006లో సర్వోన్నత న్యాయస్థానం ఆదేశాల నేపథ్యంలో ఆ గట్లను కూల్చినప్పుడు పేద కుటుంబాల జీవనోపాధి దెబ్బతిన్న మాట నిజం. తరువాతి సంవత్సరాల్లో చాలాచోట్ల చెరువులు మళ్లీ వెలిసిన మాటా నిజమే. కూలీకి, చిన్న జాలరికి మరో దారి చూపకుండా గట్టు కూల్చితే అది నిలవదు. మరో దారి చూపామన్న పేరుతో పెద్ద కమతాల వారికి అంచు నేలను అప్పగిస్తే సరస్సే నిలవదు. ఈ రెండు హక్కులనూ ఒకే తక్కెడలో ఉంచి తూచవలసిన బాధ్యత పాలకుల మీద ఉంది.

మన గుమ్మం దగ్గర

కొల్లేరు మన ఇంటికి దూరమే కావచ్చు. ఊరి చెరువు దూరం కాదు. నిలిచిన నీటిలో మలమూత్ర విసర్జన చేయరాదన్న దైవప్రవక్త (స) నిషేధం మన పిల్లలు చిన్ననాడే నేర్చుకుంటారు. దాని అర్థాన్ని ఈనాటి పనులకు అన్వయించుకోవలసింది పెద్దలమైన మనమే.

బక్రీద్ నాడు రక్తం, పేగులు, పేడ కాలువలోకో, చెరువులోకో వదలడం ఇప్పటికీ కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఎండిన రక్తంలో పది శాతానికి మించి నత్రజని ఉంటుంది. గుర్రపుడెక్కకు అంతకంటే బలమైన మేత లేదు. అదే వ్యర్థాన్ని బావికి, చెరువుకు దూరంగా లోతైన గుంతలో పూడ్చి మట్టి కప్పితే కొన్ని నెలలకు అక్కడ నాటిన చెట్టుకు అది ఎరువవుతుంది. పట్టణాల్లో పురపాలక వాహనాలకు అప్పగించాలి. మొహల్లా కమిటీలు, మస్జిదు కమిటీలు పండుగకు వారం ముందే గుంతల ఏర్పాటు చూసుకోగలిగితే ఇది కష్టమైన పని కాదు.

చెరువు నుంచి తీసిన గుర్రపుడెక్కను గట్టున వదలక, పూత రాకముందే తీసి, రెండు మూడు రోజులు వాడ్చి, పేడతో, ఎండుటాకులతో పొరలుగా పేర్చి ఎరువు చేయవచ్చు. పూత దాటితే దాని గింజలు బురదలో ఏళ్ల తరబడి బ్రతికి ఉంటాయి. కర్మాగారాల మురుగు చేరే నగరపు చెరువుల నుంచి తీసినదైతే లోహాలు ఉండే అవకాశం ఉన్నందున కూరగాయల మడులకు, పశువుల మేతకు వాడకూడదు. వేసవిలో తీసిన పూడిక మట్టిని పొలాలకు తోలుకోవడం మన రైతుల పాత అలవాటు. తెలంగాణలో 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయలోనూ ఆ పని జరిగింది. చెరువులో అదనమై హానిచేసే సారం పొలంలో ఎరువు ఖర్చును తగ్గిస్తుంది. పన్నెండవ శతాబ్దంలో సెవిల్లె నగరవాసి ఇబ్నుల్ అవ్వామ్ వ్యవసాయంపై రాసిన కితాబుల్ ఫిలాహాలో తొలి అధ్యాయాలను నేలల పరిచయానికి, ఎరువుల తయారీకి కేటాయించారు. మన పూర్వ పండితులు ఇటువంటి విషయాలను తమ చదువుకు వెలుపలివిగా భావించలేదు.

చెరువు పక్కన బావినీరు తాగే ఇళ్లవారు ఏడాదికొకసారి నైట్రేట్ పరీక్ష చేయించుకోవడం మంచిది. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించరాదు. మించిన నీటితో పాలపొడి కలిపి పట్టడం నెలల పసివారికి ప్రమాదకరం. కాచినంత మాత్రాన నైట్రేట్ పోదు. ఒడ్డున కిక్కిస, తుంగ ఉన్నచోట ఆ వేళ్ల దగ్గర ఎంత నత్రజని గాలిలోకి పోతే, బావివైపు వెళ్లేది అంత తగ్గుతుంది.

చివరగా ఒక సూచన. ఊరి చెరువును శుభ్రం చేయడానికి యువకులు, పంచాయతీ సిద్ధమైనప్పుడు ఒడ్డు మొత్తం గీకివేయవద్దని చెప్పండి. నీటిపై తేలేది తీసివేయాలి, దూరంగా తరలించాలి. బురదలో వేరూనినది కొంత కోసి కొంత నిలపాలి. పొలాల నుంచి కాలువ వచ్చి కలిసే చోట మాత్రం కిక్కిస, తుంగలను ముట్టుకోకుండా ఒక పట్టీగా వదిలేయాలి. మనకు అడ్డుగా కనిపించే ఆ గుబురు దగ్గరే ఎరువు నీరు మొదట ఆగుతుంది.